కాఫీ గ్లాసంత గురి

చవక తుపాకీకి గురి ఉండదని మేముండే ప్లేనో ఊళ్ళో మనవాళ్ళకు ఒక గట్టి నమ్మకం. ధర తక్కువైతే సరుకు తక్కువ. ఈ సూత్రాన్ని వాళ్ళు కార్ల మీద, ఇళ్ళ మీద, పిల్లలకు సంగీతం చెప్పే టీచర్ల మీద పరీక్షించి నెగ్గారు కాబట్టి తుపాకుల మీద మళ్ళీ పరీక్షించే అవసరం లేదనుకున్నారు. క్రికెట్ బ్యాటు కంటే ప్రమాదకరమైన వస్తువు చేత్తో పట్టి ఎరగనివాళ్ళు కూడా బిర్యానీ పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గాలిలో రైఫిల్ బొమ్మ గీసి, ఏ కంపెనీది మంచిదో నాకు వివరించేవారు. నేను వినేవాణ్ణి. వయసు పైబడినవాడికి ఈ దేశంలో మిగిలే ఉద్యోగం అదొక్కటే.

నా తుపాకీ చవకదే. దాచడానికేముంది. గేలాలు, గుడారాలు, సాక్సులు అమ్మే పెద్ద కొట్టులో, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి చవక అమ్మకాల తోపులాటలో, జనమంతా టీవీల వైపు పరుగెడుతుంటే నేను తీరిగ్గా వెనక కౌంటర్‌కి వెళ్ళి కొనుక్కున్నాను. బోల్ట్ యాక్షన్ రైఫిల్. అంటే తలుపు గడియ లాంటిది. ప్రతి తూటాకీ గడియ పైకెత్తి వెనక్కి లాగాలి, ముందుకు తోసి కిందికి దించాలి. అప్పుడు గానీ రెండో తూటా గొట్టంలోకి ఎక్కదు. చెక్క ఉండాల్సిన చోట నల్ల ప్లాస్టిక్ ఉంటుంది. పెళ్ళిళ్ళలో వేసే కుర్చీల జాతి ప్లాస్టిక్. గడియ లాగితే ఇసుక పడ్డ సొరుగు లాగినట్టు గరగరమంటుంది. గొట్టం సన్నం, నాలుగు తూటాలకే వేడెక్కుతుంది. దాన్ని తెచ్చి గోడకు తగిలిస్తే గోడకే నామోషీ. ఇవన్నీ నేనే చెబుతున్నాను, వేరే ఎవరూ కనిపెట్టక్కర్లేదు.

కానీ అది ఎక్కడ గురిపెడితే అక్కడ కొడుతుంది. తుపాకీ నుంచి మనిషికి ఇంకేం కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాది ఏడో తరగతి చదువు. మా అన్నయ్య పుణ్యమా అని ఈ దేశం వచ్చి, ఒక హార్డ్‌వేర్ కొట్టు గోడౌన్‌లో సరుకు దించే పనికి కుదిరాను. నా ఇంగ్లీషంతా అట్టపెట్టెల మీద అచ్చు చూసి నేర్చుకున్నది. అందుకే ఈ రోజుకీ ఇంగ్లీషులో ఒకరిని ఓదార్చడం నాకు రాదు గానీ, తేమ తగలని చోట నిల్వ చేయమని మాత్రం తప్పు లేకుండా చెప్పగలను. ఆ కొట్టులో ఏదో దేశపు సైన్యం వదిలించుకున్న పాత రైఫిళ్ళను ఒక చెక్క పీపాలో గొడుగుల్లా నిలబెట్టి అమ్మేవారు. పక్కనే గాజు బీరువాలో, తాళం వెనక, వాల్‌నట్ చెక్కతో చేసిన దొరబిడ్డలు ఉండేవి. మధ్యాహ్నం భోజనం వేళ నేను లైబ్రరీ నుంచి తెచ్చిన తుపాకుల పుస్తకాలు, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చుని చదివేవాణ్ణి. బళ్ళో ఎవరూ చెప్పని లెక్కలు నాకు ఆ పుస్తకాల్లో అర్థమయ్యాయి.

అప్పట్లో ఆ గాజు బీరువా తుపాకీ వంద గజాల దూరాన వరసగా కాల్చిన తూటాలను ఒక అరచేతంత చోట పెడితే, యజమాని వీధి వీధంతా చెప్పుకుని తిరిగేవాడు. ఇవాళ నా ప్లాస్టిక్ కుర్చీ అదే దూరాన నిమ్మకాయంత చోట పెడుతుంది. ఇందులో మాయ లేదు. గొట్టాలు చేసే మెషీన్లు మారాయి. ఒకప్పుడు మంచి పనివాడి చేతికి మాత్రమే అందే కొలత ఇప్పుడు ప్రతి ముక్కకూ ఒకేలా వస్తోంది. కంపెనీవాడు డబ్బు మిగుల్చుకున్నది పైమెరుగులో, చెక్కలో, గడియ నునుపులో. గొట్టంలో కాదు. ఈ మాట నేను ఏ విందులో మొదలుపెట్టినా, వింటున్నవాడు నా భుజం మీద చెయ్యేసి, పప్పు వేసుకున్నారా అంకుల్ అని అడిగేవాడు.

మా అల్లుడు కరీంనగర్ వైపువాడు. మంచివాడు. అంత మంచివాడితో పోట్లాడటం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అతనికొక స్నేహితుడు, గుంటూరు వాడు, అదే ఆఫీసు. వీసా మీద ఉన్నవాడికి హంటింగ్ లైసెన్స్ లేనిదే తుపాకీ అమ్మరు కాబట్టి, కోడిపిల్లను కూడా తరిమి ఎరగని ఆ పిల్లాడు ముందు వేటగాడయ్యాడు, తర్వాత తుపాకీ కోసం వెతికాడు. వెతకడమంటే మామూలు వెతుకులాట కాదు. కంప్యూటర్‌లో ఒక పట్టిక వేశాడు. బరువుకిన్ని మార్కులు, ట్రిగ్గర్‌కిన్ని, గొట్టానికిన్ని. ఇల్లు కొన్నప్పుడు కూడా అంత చూడలేదని వాళ్ళావిడ నా దగ్గర వాపోయింది. చివరికి పట్టికలో అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చింది, యాదృచ్ఛికంగా, అన్నిటికంటే ఖరీదైనదానికే. గురి చూడటానికి దాని మీద బిగించిన టెలిస్కోపు మూతల ధరకి నా తుపాకీ వచ్చేస్తుంది. గాలి వేగం కొలిచే యంత్రం కూడా కొన్నాడు. గాలి సంగతి అడవిపందులు ఎప్పుడూ అడగలేదు.

వాళ్ళకొక వాట్సాప్ గ్రూపుంది. శనివారం రేంజ్‌కి, అంటే కాల్చడం సాధన చేసే మైదానానికి, వెళ్ళడం, వంద గజాల దూరాన కాగితం మీద కాల్చడం, కన్నాల ఫోటో తీసి గ్రూపులో పెట్టడం. మూడు తూటాలు కాలుస్తారు. రెండు ఒకదాని మీద ఒకటి పడతాయి, మూడోది పక్క జిల్లాలో పడుతుంది. దాన్ని ఫ్లయర్ అంటారు, అంటే దారి తప్పినది, లెక్కలోకి రాదట. ఫోటో తీసేటప్పుడు ఆ కన్నం మీద బొటనవేలు పడుతుంది, పాపం ఎలా పడుతుందో. పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పి, లెక్కలు మినహాయిస్తే ఫస్ట్ క్లాసేనని ఇంట్లో చెప్పే పిల్లలు మా కాలంలోనూ ఉండేవాళ్ళు. వాళ్ళను తన్నేవాళ్ళు. ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు.

ఈ ఇద్దరూ కలిసి ప్లేనో నుంచి ఉత్తరంగా గంట దూరంలో కొంత భూమి కొన్నారు. ఫామ్ అంటారు. కొన్న రోజు ఫోటోలు దిగారు, తర్వాత మరిచిపోయారు. ఆ భూమిని నిజంగా తొక్కింది నేను. శనివారం పొద్దున్నే అమ్మాయి నన్ను అక్కడ దింపేది, చీకటి పడే వేళకి అల్లుడు వచ్చి తీసుకెళ్ళేవాడు. మధ్యలో పగలంతా నాది. గోంగూర, దోస, ఒక చిన్న చెక్క నేలలో వేరుశెనగ. రేకుల షెడ్డు ముందు ఒక మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ. మిగతా ఆరు రోజులు ప్లేనోలో నేను ఒక గదిలో ఉండే పెద్దాయనను. శనివారం మాత్రం రైతును. పొద్దువాలే వేళ పొద మాటు నుంచి అడవిపందులు వేరుశెనగ మీదికి వచ్చేవి. ఒకటి పడితే మిగతావి రెండు వారాలు మొహం చూపించేవి కావు. ఆ ఏర్పాటు నాకూ పందులకూ కొన్నేళ్ళుగా సాఫీగా సాగింది.

కిందటేడు నుంచి అన్నిటికీ నాణ్యత తగ్గింది. తెలుగు క్యాలెండర్ వాళ్ళు సిరా పొదుపు చేయడం మొదలుపెట్టారు, తిథి చూడాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. సిటీ వాళ్ళు వీధి దీపాలకు ఏవో పనికిమాలిన బల్బులు వేశారు, ప్రతి దీపం చుట్టూ ఒక చక్రం. నా తుపాకీ మీదున్న టెలిస్కోపు కూడా అదే దారి పట్టింది. మధ్యలో ఉండే ప్లస్ గుర్తుకి పక్కనే నీడలా ఇంకో ప్లస్ కనబడేది. చవక తుపాకీతో పాటు ఊరికే వచ్చే టెలిస్కోపు కదా, తేమ పట్టిందనుకున్నాను. తేమ తగలని చోట నిల్వ చేయమని పెట్టె మీద రాసే ఉంటుంది మరి.

సెప్టెంబర్‌లో ఒక శనివారం, పొద్దువాలే వేళ, ఒక పెద్ద ఆడపంది పిల్లలతో సహా చెక్కలోకి దిగింది. అల్లుడు ఆ రోజు పెందలాడే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నేను కాల్చాను. పంది వెనకాల మట్టి లేచింది. గడియ లాగి మళ్ళీ కాల్చాను. ఈసారి ముందర మట్టి లేచింది. పంది తలెత్తి మా వైపు చూసింది. పారిపోలేదు, పొద దాకా నడిచి వెళ్ళింది. మేం కారెక్కకముందే మళ్ళీ వచ్చి తవ్వడం మొదలుపెట్టింది. అల్లుడు కారులో ఏసీ నా వైపు తిప్పాడు. మంచివాడని చెప్పాను కదా.

అనాల్సింది మర్నాడు భోజనాల దగ్గర అన్నాడు.

"మామయ్యా, మీ గురి మీద నాకేం డౌట్ లేదు. ప్రాబ్లమ్ రైఫిల్‌దే. గా బడ్జెట్ రైఫిల్‌తోని ఏమైతది చెప్పుండ్రి. ట్రేడ్-ఇన్ చేద్దాం. పందుల సంగతి మావాడు చూసుకుంటడు."

మావాడంటే గాలి యంత్రం ఉన్నవాడు. ట్రేడ్-ఇన్ అంటే దాన్ని కొట్టువాడికిచ్చి, వాడు విదిలించింది తీసుకుని ఇంటికి రావడం. నేను అమ్మాయి వైపు చూశాను. అది రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగింది. మొహమాటం దాని చదువులో లేదు.

"నాన్నా, రైఫిల్ లేకుండా నువ్వు ఈవెనింగ్ దాకా అక్కడ అలోన్‌గా ఉండడం నాకు ఓకే కాదు," అంది. "మేము వెళ్ళినప్పుడు నువ్వు కూడా రా."

వాళ్ళు వెళ్ళేది ఏడాదికి రెండుసార్లు, ఫోటోలకి. అంటే తుపాకీ పోతే శనివారాలు పోయినట్టే. అన్నం పళ్ళెం ముందు కూర్చుని నా భూమి నా కాళ్ళ కింద నుంచి జారడం చూశాను. కోపం వచ్చింది. ఆ కోపంలో, తుపాకీని కాగితం మీద పరీక్షించకుండా నేరస్థుణ్ణి చేయడం ఏ న్యాయమని అడిగాను. వంద గజాలు, బల్ల మీద ఆనించి, అయిదు తూటాలు. మూడు కాదు. బొటనవేళ్ళు ఫోటోలో పడకూడదు. తప్పితే నేనే మోసుకెళ్ళి అమ్మి వస్తానన్నాను. నెగ్గితే ఇక దాని ధర గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

అల్లుడు అంగుళాల లెక్క మొదలుపెట్టబోయాడు. అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళి, నేను రోజూ తాగే స్టీలు కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "దీని అడుగు," అంది. "ఫైవ్ హోల్స్ దీని కింద కవర్ అవ్వాలి. అంతే." దసరా తర్వాత శనివారం అనుకున్నాం.

దసరా మధ్యలో ఎందుకొచ్చిందంటే, ఆయుధపూజ కోసం. ప్లేనోలో ఆయుధపూజంటే గరాజ్ తలుపు ఎత్తి, రెండు కార్లు, గడ్డి కోసే మెషీన్, లాప్‌టాప్‌లు, పోయినేడు నుంచి ఎయిర్ ఫ్రయర్, అన్నిటికీ బొట్లు పెట్టడం. ఆ ఏడాది అసలు ఆయుధాలు కూడా వచ్చాయి. స్నేహితుడు తన రైఫిల్‌ని నా పాత మంచం కంటే పెద్ద పెట్టెలో తెచ్చి, పట్టుపంచె మీద మోకాళ్ళూని, పసిబిడ్డను దించినట్టు పీట మీద దించాడు.

తుపాకీ ఖాళీగా ఉండాలి, గొట్టం గోడ వైపు ఉండాలి, గడియ తీసేసి పక్కన పెట్టాలి అని నేను ముందే చెప్పాను. నా దాని గడియ ఊడదీసి సొరుగులో పెట్టాను, ఆ కంత మీద గుడ్డ చుట్టాను. అతను మాత్రం ఒప్పుకోలేదు.

"బోల్ట్ తీసేస్తే విగ్రహానికి తల తీసినట్టు కాదా అంకుల్? పూజ అందుద్దా?"

చివరికి గడియ ఊడదీయకుండా పూర్తిగా వెనక్కి లాగి తెరిచి ఉంచాడు. శాస్త్రమూ నిలిచింది, భద్రతా నిలిచింది. ఫోన్‌లో పంతులుగారు మంత్రాలు చదివారు, మధ్యలో ఇన్సూరెన్స్ ప్రకటన వచ్చింది. గంధం, కుంకుమ. టెలిస్కోపు తిప్పే మీటకు కూడా బొట్టు పెట్టాడు. తర్వాత అక్షతలు. నెయ్యి, పసుపు కలిపిన బియ్యం, చేతికి దండిగా తీసుకుని అందరూ చల్లారు. ఖరీదైన వస్తువు మీద మనవాళ్ళకు చెయ్యి ఉదారంగా ఆడుతుంది. నా ప్లాస్టిక్ మీద రెండు గింజలు పడ్డాయి, అవి కూడా పొరపాటున.

శనివారం నలుగురం రేంజ్‌కి వెళ్ళాం. అమ్మాయి పులిహోర డబ్బా, నా ఫ్లాస్కు, గుడ్డలో చుట్టిన కాఫీ గ్లాసు తెచ్చింది. ముందు మంచి రైఫిల్ ఎలా కాలుస్తుందో చూపించి, తర్వాత నా దానితో పోల్చాలని స్నేహితుడి ఆలోచన. బల్ల మీద మూడు కాళ్ళ స్టాండ్లు, గాలి యంత్రం, అన్నీ సర్ది, తూటా పెట్టి, గడియ తోశాడు. ముందుకు పోయింది, కిందికి దిగలేదు. మళ్ళీ తోశాడు. దిగలేదు. పట్టికలో దానికి నునుపుకి నూటికి నూరు మార్కులు.

ఆ రేంజ్ చూసుకునే నెరిసిన గడ్డం మనిషి వచ్చాడు. తూటా తీయించి, గడియ ఊడదీసి, చిన్న టార్చి వేసి లోపలికి చూశాడు. సన్నటి పుల్లతో గీరి ఏదో బయటికి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. పసుపుపచ్చటి గింజ. ఇది బియ్యమా అని అడిగాడు. ఇంకో గింజ తీశాడు, దానికి నెయ్యి ఉంది. చివరికి అల్లుడు, అది బ్లెస్సింగ్ అని ఒప్పుకున్నాడు. ఆ మనిషి, గొట్టాల్లో తుప్పు చూశానని, కందిరీగ గూడు చూశానని, దీవెన అడ్డుపడటం మాత్రం ఇదే మొదలని చెప్పాడు. లోపల గడియ బిగిసే గాడిలో ఇంకా ఉన్నాయట, ఇంటికి తీసుకెళ్ళి మొత్తం విప్పి కడిగేదాకా కాల్చొద్దన్నాడు. స్నేహితుడు దాన్ని మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టాడు. ఏమీ అనకుండా ఉండటానికి నేను టీ మూత తీసి రెండు గుక్కలు తాగాల్సి వచ్చింది.

తర్వాత నా వంతు. కుర్చీలో కూర్చుని, ఇసుక మూట మీద ఆనించి, చూశాను. నల్ల చుక్క ఉండాల్సిన చోట పల్చటి మరక. ప్లస్ గుర్తు, దాని నీడ. కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో టెలిస్కోపు తుడిచాను. మళ్ళీ చూశాను. మరక అలాగే ఉంది. రెండు ప్లస్సుల్లో ఏది నిజమైనదో తేల్చుకుని, ఊపిరి బిగబట్టి కాల్చాను. తొందరపడలేదు. సన్నటి గొట్టం వేడెక్కితే గురి చెదురుతుంది కాబట్టి మధ్య మధ్య ఆగాను. అయిదూ అయ్యాయి. నా చేతులకు తెలుసు, ఒక్క తూటాకి కూడా అవి ఒణకలేదు.

కాల్పులు ఆపమని గడ్డం మనిషి కేకేశాక అందరం నడిచి కాగితం దగ్గరికి వెళ్ళాం. దగ్గరికి వెళ్ళాక నాకు బాగానే కనబడింది. కనబడకపోయినా బాగుండేది. అయిదు కన్నాలు ఒక చపాతీ అంత మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. అమ్మాయి గ్లాసు పెట్టింది. దాని కింద రెండు పట్టాయి. గ్లాసును అటూ ఇటూ జరిపింది, మూడోది పట్టలేదు.

స్నేహితుడు గొట్టం నాసిరకమని తీర్పు చెప్పాడు. అక్షతల సంగతి అప్పటికే మరిచిపోయాడు. అల్లుడు నా మొహం వంక చూడకుండా, కాగితం వంక చూస్తూ అన్నాడు.

"మీరేం ఫీల్ కావొద్దు మామయ్యా. మిషన్ గట్లుంటే మనిషి ఏం చేస్తడు?"

అప్పుడు నాకు చాలా తేలికైన దారి కనబడింది. అవునన్నానంటే చాలు. తుపాకీ పనికిరాదు, మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ముగ్గురూ ఆ మాట నా నోట వినడానికి సిద్ధంగా, ప్రేమగా నిలబడ్డారు. ఈ ఊళ్ళో నా పరువు కోసం ఇంతమంది ఒకేసారి పాటుపడటం అదే మొదటిసారి. కానీ అంటే తుపాకీ పోతుంది, దాని వెనకే శనివారాలు పోతాయి. అనకపోతే ఇంకో ప్రశ్న లేస్తుంది. తప్పు తుపాకీది కాకపోతే ఎవరిది?

ఆ ప్రశ్న అమ్మాయికి ముందే తట్టినట్టుంది.

"నాన్నా, నేను షూట్ చేయనా?"

అది పన్నెండేళ్ళప్పుడు చిన్న తుపాకీతో నేనే నేర్పించాను. పెకాన్ చెట్ల కింద ఖాళీ డబ్బాలు పెట్టి. పెళ్ళయ్యాక ముట్టుకోలేదు. తుపాకీ నాది, వద్దంటే ఎవరూ బలవంతం చేయరు. గొట్టం చల్లారాలి, ఆగు అన్నాను. అది నిజం కూడా. ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసుకుని, చల్లారిపోయిన టీని ఊదుకుంటూ తాగాను. వేలు పెట్టి గొట్టం చూశాను. చల్లగా ఉంది. ఇంకా వేడిగానే ఉందని చెప్పవచ్చు. మా అల్లుడు నమ్ముతాడు, మంచివాడు.

కానీ ఆ నల్ల ప్లాస్టిక్ ముక్క బల్ల మీద పడి ఉంది. కొన్నేళ్ళుగా నేను చెప్పిందల్లా చేసింది. ఒక్క రోజు తడబడలేదు. ఇప్పుడు నా కోసం, ధర తక్కువైన పాపానికి, చేయని తప్పు మోయబోతోంది. ఇన్నాళ్ళు విందుల్లో దాని తరఫున వాదించిన నోరు నాదే. లేచి కుర్చీ అమ్మాయికి ఇచ్చాను.

అది తన ఎత్తుకి ఇసుక మూట సర్దుకుంది. గడియ గరగరమంది. "ఈ సౌండ్ ఏంటి నాన్నా, యక్," అంది. టెలిస్కోపులో చూసి, క్లియర్‌గానే ఉందే అని తనలో తాను అనుకుంది. నేను విన్నాను. నాకు ఇంకేమీ వినక్కర్లేకపోయింది, అయినా కాల్చేదాకా నిలబడ్డాను. ఒక్కొక్క తూటాకీ ఆగింది. నేర్పిన పిల్ల కదా.

గ్లాసు పెడితే అయిదూ దాని కింద పట్టాయి. ఒకటి అంచును ముద్దు పెట్టుకుంటూ ఉంది. అంచుకు తగిలితే లెక్కలోకి వస్తుందా రాదా అని స్నేహితుడు సందేహం లేవదీశాడు. గ్లాసు తెచ్చింది నేను, రూల్ నాది, అని అమ్మాయి గ్లాసు గుడ్డలో చుట్టేసింది. అల్లుడు కాగితాన్ని ఎండకు పెట్టి చూశాడు, గ్లాసు అడుగును చూశాడు, నన్ను చూశాడు. లెక్క తేలిన మనిషి మొహం అది. మంచివాడు గనక లెక్క పైకి చదవలేదు. ఆ సాయంత్రం గ్రూపులో ఫోటో పెట్టాడు. కింద 'బడ్జెట్ రైఫిల్, డీసెంట్' అని రాశాడు. ఇన్నేళ్ళ నా వాదానికి అంతకు మించిన బిరుదు దొరకదని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి డ్రైవ్ చేసింది. నేను పక్క సీటులో, తుపాకీ పెట్టె వెనక సీటులో. చీకటి పడ్డాక, ప్లేనో దగ్గర పడుతుండగా అడిగింది, ఎదురుగా వచ్చే కారు లైట్లు ఎలా కనబడుతున్నాయని. చుట్టూ చక్రాలున్నాయన్నాను. ఈ మధ్య కార్లవాళ్ళు కూడా చవక బల్బులు వేస్తున్నారని అనబోయి ఆగిపోయాను.

"నాకు లేవు నాన్నా," అంది. "మండే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను."

రెండు కళ్ళలోనూ శుక్లాలని డాక్టర్ చెప్పింది. ఎప్పటి నుంచి మసకగా ఉందని అడిగితే, క్యాలెండర్ వాళ్ళు సిరా తగ్గించినప్పటి నుంచి అన్నాను. రాసుకోలేదు. ముందు ఒక కన్ను, కొన్ని వారాల తర్వాత రెండోది. కట్టు విప్పిన మధ్యాహ్నం నేను తిట్టిన కంపెనీలన్నీ ఒక్కసారిగా బాగుపడ్డాయి. తిథి, నక్షత్రం, వర్జ్యం, అన్నీ కుర్చీలోంచే కనబడ్డాయి. వీధి దీపాలు దీపాల్లా ఉన్నాయి. అల్లుడికి గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయని నాకు అప్పుడే తెలిసింది.

ఈలోగా శనివారాలు ఆగలేదు. కళ్ళు బాగయ్యేదాకా నన్ను ఒంటరిగా వదలనని అమ్మాయి కూడా వచ్చేది. మడత కుర్చీలో తను, తలకిందుల బకెట్ మీద నేను. ఆ పెద్ద ఆడపంది రెండో వారమే పడింది, అమ్మాయి కాల్చిన ఒక్క తూటాకి. మిగతావి కొన్ని వారాలు మొహం చూపించలేదు. అమ్మాయి మొదట్లో లాప్‌టాప్ తెచ్చుకునేది, తర్వాత తేవడం మానేసింది. దోసపాదుకి ఎండు గడ్డి పరవడం నేర్చుకుంది. గడియలో నూనె చుక్కలు వేసి, తనకు నచ్చేదాకా రుద్ది రుద్ది, ఆ గరగర కూడా సగం తగ్గించింది. స్నేహితుడు పట్టికలో చవక రైఫిళ్ళకు కొత్తగా ఒక వరస కలిపాడని, ఏదో ఒకటి చూస్తున్నాడని తెలిసింది. ఎందుకని అడిగితే, పూజకి ఒకటి, కాల్చడానికి ఒకటి ఉంటే మంచిదన్నాడట.

రెండో కన్ను కూడా నయమయ్యాక, మొదటి శనివారం నేను ముందే వెళ్ళి మడత కుర్చీలో కూర్చున్నాను. ఎండ చెట్ల మీదికి దిగింది. పొద దగ్గర ఏదో కదిలింది. ఆకుల మధ్య పంది చెవి నాకు స్పష్టంగా కనబడింది, చెవి అంచున వెంట్రుకలతో సహా. చెయ్యి చాచాను, తుపాకీ ఇవ్వమని. అమ్మాయి బకెట్ మీద కూర్చుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి వంక చూసింది.

"ఇది నాకు అలవాటైపోయింది నాన్నా," అంది. "నువ్వొకటి కొనుక్కో. చవకే కదా."